మాట వినడు అని రాసింది నేనే

ఈ పోస్టు రాయాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నా, ఇవాళ బడి నుంచి వచ్చాక ఇంక ఆగబుద్ధి కాలేదు. నేను గవర్నమెంటు ప్రైమరీ స్కూల్లో టీచర్ని, భీమవరం వైపు ఒక పల్లెటూరు, చుట్టూ చేపల చెరువులు రొయ్యల చెరువులు, ఊరి మధ్యలోంచి పంటకాలవ. ఊరి పేరు, పిల్లల పేర్లు రాయను, రేపు పెద్దయ్యాక వాళ్ళు ఇది చదివి బాధపడకూడదు. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

పోయినేడాది నా మూడో తరగతిలో ఒక బాబు, బుజ్జిగాడు అనుకుందాం. వాళ్ళమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. అల్లరి చెయ్యడు, ఎవరితో గొడవ పడడు, కానీ పిలిస్తే పలకడు. ఒకటికి రెండుసార్లు పిలవాలి, మూడోసారికి ఉలిక్కిపడి చూస్తాడు. తెలుగు పుస్తకం తియ్యండర్రా అంటే పక్కవాడు ఏం తీశాడో చూసి అప్పుడు తీస్తాడు, అందరూ లేచాక లేస్తాడు, అందరూ నవ్వాక నవ్వుతాడు, ఎప్పుడూ ఒక్క క్షణం వెనకే. అమ్మ దగ్గర లేదు కదా ఏదో ఆలోచిస్తుంటాడు పాపం అని ఒకరోజు అనుకునేదాన్ని, మొండితనం అని ఇంకోరోజు అనుకునేదాన్ని. ఆగస్టులో మొదటి పరీక్షలయ్యాక మార్కుల కార్డులో రిమార్కుల దగ్గర నా చేత్తో రాశా, తెలివైనవాడే కానీ చెప్పిన మాట వినడు అని.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి చేశా. ఒకరోజు గుణకారం చెప్తూ వాణ్ణి మూడుసార్లు అడిగితే బిత్తరచూపులు చూశాడు, విసుగొచ్చి, చెవిటోడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని అని క్లాసందరి ముందూ అనేశా. పిల్లలు పకపకా నవ్వారు. వాడూ నవ్వాడు. అందరూ నవ్వుతున్నారు కాబట్టి నవ్వాడు, నేనేమన్నానో వాడికి వినపడనే లేదు. ఇది నాకు అప్పుడు తెలీదు, తెలిసిన రోజు రాత్రి నిద్రపట్టలేదు.

అసలు సంగతి బయటపడింది డిక్టేషన్ నోట్సు వల్ల. ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని దిద్దుతున్నా, వాడివి నాలుగైదు రోజులవి వరసగా చూస్తే ఏదో తేడాగా అనిపించింది. చదువు రాని పిల్లల తప్పులు నాకు బాగా తెలుసు, ఒత్తులు పోతాయి, దీర్ఘాలు పోతాయి, అక్షరాలు తిరగబడతాయి. వీడివి అలా లేవు. కోడి అంటే తోడి అని రాశాడు, తేలు అంటే కేలు, చీమ అంటే సీమ, కత్తి అంటే తత్తి. ఒత్తులు ఉన్నాయి, గుణింతాలు ఉన్నాయి, రాత కూడా గుండ్రంగా ముచ్చటగా ఉంది, అక్షరమే వేరేది. అదే పేజీలో పలక, మామిడి, బంతి, పాము మాత్రం కరెక్టు. చాలాసేపు అర్థం కాలేదు. ఆ మాటలే పైకి అనుకుంటూ అద్దంలో చూసుకుంటే అప్పుడు తెలిసింది, ప బ మ అనాలంటే పెదాలు కలవాలి, అది ఎదుటివాళ్ళకి కనిపిస్తుంది, క త చ నోటి లోపల పలుకుతాం, బయటికి పెద్దగా కనిపించవు. వాడు నా పెదాలు చూసి రాస్తున్నాడు. ఇంకా వెనక్కి తిరగేస్తే ఒకరోజు పేజీ మొత్తం తప్పులే, పాము కూడా తప్పే, ఆరోజు నేను బోర్డు మీద ఏదో రాస్తూ అటు తిరిగే మాటలు చెప్పినట్టు గుర్తు.

మా బాబాయి కూతురు, నాకు చెల్లెలు, ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షలు చేసే నిపుణురాలు, ఆ చదువే బీఏఎస్‌ఎల్‌పీ చదివి వైజాగ్‌లో పనిచేస్తోంది. వెంటనే ఫోన్ చేశా.

"అక్కా, వాడు నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తాడా? రాత్రుళ్ళు గురక పెడతాడా? ఎప్పుడూ ముక్కు కారుతుంటుందా?" అని వరసగా అడిగింది. గురక సంగతి నాకెలా తెలుస్తుంది కానీ ముక్కు సంగతి తెలుసు, వాడి చొక్కా చేతుల అంచులు ఎప్పుడూ అట్టకట్టుకుపోయి ఉంటాయి. "రేపు వాడి వెనకాల చెయ్యంత దూరంలో నిలబడు, నీ మొహం వాడికి కనపడకూడదు, వాడి ఒక చెవి వేలితో మూసి రుద్దుతూ ఉండు, ఊపిరంతా వదిలేసి గుసగుసగా మాటలు చెప్పు, వాడు తిరిగి చెప్పాలి. ఇది టెస్టు కాదక్కా, మనకో అంచనా కోసం, అంతే" అంది.

మర్నాడు ఇంటర్వెల్లో చేశా. ముందు వాడి పక్కన కూర్చునే పిల్లకి చేశా, మూడు, ఏడు, తొమ్మిది అన్నీ రెండు చెవులతోనూ టకటకా చెప్పేసింది. తర్వాత బుజ్జిగాణ్ణి నిలబెట్టి అవే మాటలు చెప్పా. కదలకుండా బుద్ధిగా నిలబడ్డాడు. మళ్ళీ చెప్పా. కాసేపు చూసి వెనక్కి తిరిగి, "చెప్పండి టీచర్" అన్నాడు. నేనింకా మొదలుపెట్టలేదనుకున్నాడు.

సాయంత్రం మా చెల్లికి ఇదంతా చెప్తే, "మాట వినడు కాదక్కా, మాట వినపడదు" అంది. మన తెలుగులో ఉన్న చిక్కు ఇదే, చెవికి తగలడాన్నీ వినడమే అంటాం, చెప్పినట్టు చెయ్యడాన్నీ వినడమే అంటాం. మావాడు అస్సలు మాట వినడండి అని ఎంతమంది తల్లులు నాతో చెప్పి ఉంటారు, ఎంతమంది కార్డుల్లో నేను రాసి ఉంటాను, 14 ఏళ్ళ సర్వీసు నాది, వాళ్ళలో ఎందరికి నిజంగానే వినపడలేదో ఇప్పుడు ఎవరు చెప్తారు.

చెవుడంటే పుట్టుకతో వచ్చేదే, అది ఉంటే మాటలే రావు, ఇంట్లోవాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది, ఇదీ నేను అనుకున్నది, చాలామంది అనుకునేదీ ఇదే. పుట్టుకతో వచ్చేదాని గురించి ఇప్పుడు కొంత ఎరుక వచ్చింది, పెద్ద ఆస్పత్రుల్లో పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే ఓఏఈ అని చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి చూస్తున్నారు, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక చిన్నపిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్లు, అంటే ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే వినికిడి పరికరాలు, కూడా ఉచితంగా పెట్టారు, మేనరికాలు ఎక్కువగా ఉన్న మన వైపు అది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. కానీ పుట్టినప్పుడు టెస్టు పాసైన పిల్లాడికి నాలుగో ఏట రావచ్చు, ఏడో ఏట రావచ్చు. జలుబు ముదిరి చెవిలోకి దిగుతుంది, గవదబిళ్ళలు వస్తాయి, తట్టు వస్తుంది, మెదడు పొరల వాపు జ్వరం వస్తుంది, చీము పట్టి కర్ణభేరికి చిల్లు పడుతుంది. ఇంకో విషయం, ఇలా బళ్ళో బయటపడేవాళ్ళలో ఎక్కువమందికి పూర్తిగా చెవుడు కాదు, సగం సగం వినపడుతుంది. పిలిస్తే ఒక్కోసారి పలుకుతారు, అందుకే మనకి అనుమానం రాదు, పలకని ప్రతిసారీ కావాలనే పలకలేదనుకుంటాం. పిల్లల్లో వచ్చే వినికిడి లోపంలో 60 శాతం దాకా నివారించగలిగిన కారణాల వల్లే వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, ఆ మాట చదివినప్పుడు నాకు బుజ్జిగాడి చొక్కా చేతులే గుర్తొచ్చాయి.

మా ఆడపడుచు వాళ్ళు డల్లాస్‌లో ఉంటారు, ఈ మాటే చెప్తే, మా పిల్లలకి స్కూల్లోనే చేస్తారు వదినా, కిండర్‌గార్టెన్లో, తర్వాత ఒకటి, మూడు, ఐదు, ఏడు తరగతుల్లో కళ్ళూ చెవులూ చూడాలని టెక్సాస్‌లో రూలే ఉంది అంది. మనకీ లేకపోలేదు. 2010లో మన దగ్గర జవహర్ బాల ఆరోగ్య రక్ష వచ్చింది, 2013లో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ మొదలుపెట్టింది, ఆర్‌బీఎస్‌కే అంటాం. పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళ దాకా 30 రకాల సమస్యలు చూడాలి, అందులో వినికిడి ఉంది, చెవిలో చీమూ ఉంది, అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి టీమ్ వస్తుంది. చాలా మంచి పథకం అది, గుండెలో రంధ్రం ఉన్న పిల్లలు మా మండలంలోనే దానివల్ల బయటపడ్డారు. కానీ ఒక్కరోజులో బడి మొత్తానికి బరువు, ఎత్తు, పళ్ళు, రక్తహీనత అన్నీ చూస్తూ చెవి దగ్గరికొచ్చేసరికి టార్చి వేసి చూస్తారు, టార్చికి గులిమి కనిపిస్తుంది, చీము కనిపిస్తుంది, కర్ణభేరి వెనక నిలిచిన నీరు కనిపించదు, ఎంత వినపడుతోందో అసలే తెలీదు. కళ్ళ విషయంలో అలా కాదు, తెలంగాణలో 2018లో, మన దగ్గర 2019లో కంటి వెలుగు అని ఊరూరా పెట్టారు, పిల్లలకి కళ్ళజోళ్ళొచ్చాయి, బోర్డు కనపడకపోతే పిల్లలే చెప్తారు కూడా. చెవికి అలా చెప్పేవాళ్ళుండరు, తక్కువ వినపడుతోందని పిల్లాడికే తెలీదు, లోకం అంతే చప్పుడు చేస్తుందనుకుంటాడు.

అందుకని మా చెల్లినే రమ్మన్నా. హెచ్‌ఎం గారితో మాట్లాడి, వినాయకచవితి పందిళ్ళ మైకులు ఆగాక ఒక శనివారం పెట్టుకున్నాం. వినికిడి కొలిచే ఆడియోమీటరు అంటే ఏదో పెద్ద మిషన్ అనుకున్నా, లంచ్ బాక్సంత ఉంది, దానికో హెడ్‌ఫోను, ఎర్రది కుడి చెవికి, నీలం ఎడమ చెవికి. టెస్టు ఎంత సులువో చోటు దొరకడం అంత కష్టమైంది. మా బళ్ళో నిశ్శబ్దంగా ఉండే గదే లేదు, రోడ్డు వైపు ట్రాక్టర్లు, వెనక మధ్యాహ్న భోజనం వంట, గిన్నెల మోత. ఫోన్లో చప్పుడు కొలిచే యాప్ పెట్టుకుని చెల్లి ప్రతి గదిలోనూ తిరిగింది. చివరికి బియ్యం బస్తాలు పెట్టే చిన్న స్టోర్ రూమ్ బాగుందంది, గోడల నిండా బస్తాలు ఉండేసరికి చప్పుడు లోపలికి అంతగా రాలేదు. తలుపేసి ఫ్యాను ఆపేశాం, ఇద్దరం చెమటతో తడిసిపోయాం.

మూడు రకాల శబ్దాలు, 1000, 2000, 4000 హెర్ట్జ్, మూడూ 20 డెసిబెల్స్ దగ్గర, అంటే చాలా సన్నగా, ఒక్కో చెవికి. వినపడితే చెయ్యెత్తాలి. పెద్ద పిల్లలు చెయ్యెత్తారు కానీ ఒకటో తరగతి వాళ్ళు ఊరికే ఎత్తేస్తున్నారు, చెల్లి మొహం చూసి ఎత్తేస్తున్నారు, అప్పుడు మా వంటావిడ చింతపిక్కలు తెచ్చిచ్చింది. సౌండు వినపడితే ఒక పిక్క గిన్నెలో వెయ్యి, లేకపోతే వెయ్యకు. అంతే, ఆటైపోయింది, బయట లైన్లో ఉన్నవాళ్ళు తలుపు సందులోంచి చూస్తూ నా వంతెప్పుడు టీచర్ అని గోల. ఒక్కో పిల్లకి రెండు మూడు నిమిషాలు పట్టింది. ఏ చెవిలో ఏ ఒక్క శబ్దం అందకపోయినా మళ్ళీ ఒకసారి నేర్పించి చేసింది, అప్పుడూ అందకపోతే పేరు రాసుకుంది.

బుజ్జిగాడు వచ్చి కూర్చున్నాడు. హెడ్‌ఫోను పెట్టింది. చేతిలో పిక్క పట్టుకుని, గిన్నె మీద చెయ్యి ఆనించి, కళ్ళార్పకుండా ఎదురు చూస్తున్నాడు. చెల్లి బటన్ నొక్కుతోంది, వాడి చెయ్యి కదల్లేదు. సౌండు పెంచింది, కదల్లేదు. ఇంకా పెంచుతూ పోతే ఎక్కడో టంగున పిక్క పడింది, వాడి మొహం వెలిగిపోయింది, గెలిచినట్టు నా వంక చూశాడు. నేను చెమట తుడుచుకున్నట్టు కళ్ళు తుడుచుకున్నా.

68 మందిని చూస్తే 11 మంది పేర్లు మిగిలాయి. కంగారు పడకక్కా, వీళ్ళందరికీ చెవుడని కాదు, వానాకాలం జలుబులు, కొందరికి దానంతట అదే పోతుంది అంది చెల్లి. దసరా సెలవులయ్యాక మళ్ళీ వచ్చి ఆ 11 మందికీ చేసింది, ఐదుగురు మిగిలారు. ఇద్దరికి గట్టిపడిన గులిమి, ఒకడికి చెవిలో చీము, ఐదో తరగతి పిల్లకి ఎడమ చెవి అసలు వినపడదు, ఐదోవాడు బుజ్జిగాడు.

ఇక్కడి నుంచే అసలు కష్టం మొదలైంది, దీని గురించే ఎక్కువ రాయాలని ఉంది నాకు. క్యాంపు పెట్టి ఫోటోలు దిగి వెళ్ళిపోవడం ఒక్కరోజు పని. పేరు రాసిన పిల్లల్ని డాక్టరు దాకా చేర్చకపోతే ఆ టెస్టు చేసీ చెయ్యనట్టే. ఆర్‌బీఎస్‌కే టీమ్‌తో మాట్లాడి జిల్లా ఆస్పత్రికి స్లిప్పులు రాయించా, పిల్లల చేతికిచ్చి ఇంట్లో ఇవ్వమన్నా, పెద్ద పనైపోయిందనుకున్నా. మూడు వారాలైనా ఒక్కళ్ళూ వెళ్ళలేదు. బుజ్జిగాడింటికి వెళ్తే స్లిప్పు బియ్యం డబ్బా కింద మడతపెట్టి భద్రంగా ఉంది.

"చెవులు బానే ఉన్నాయండీ టీచరు గారూ, ఆయ్, వాడికి ఇష్టమైతే గుసగుసలాడినా వినిపిస్తాదండి" అంది వాళ్ళ అమ్మమ్మ. "రాత్రుళ్ళు వెల్లుల్లి రేకేసి కాచిన నూనె రెండు చుక్కలు ఎయ్యడం ఒక్కరోజు మానలేదండీ" అని కూడా అంది. ఆవిడ రొయ్యల షెడ్డుకి పనికి పోతుంది, ఒకరోజు మానితే ఆరోజు కూలి పోయినట్టే, బస్సు ఖర్చు, ఆస్పత్రిలో ఏ గదికి వెళ్ళాలో తెలీదు, ఎవర్నడగాలో తెలీదు. నిర్లక్ష్యం అని నోరు జారి అనేస్తాం కానీ ఆ స్థానంలో నేనుంటే నేనూ బియ్యం డబ్బా కిందే పెడతాను. మాటల్లో ఆవిడే ఒక సంగతి చెప్పింది, "అమ్మ ఫోన్ చేస్తే చెవి దగ్గర పెట్టుకోడండీ, వీడియోలోనే మాట్టాడతానంటాడు, మొహం చూడాలని బెంగనుకున్నామండి" అంది. బెంగ ఉండదని కాదు. కానీ వాడికి అమ్మ మాట అర్థం కావాలంటే అమ్మ పెదాలు కనపడాలి.

మామ్మగారూ, రేపు శనివారం నేనే తీసుకెళ్తాను, మీరు నాతో వస్తే చాలు అని చెప్పి సెలవు పెట్టి తీసుకెళ్ళా. ఈఎన్‌టీ డాక్టరమ్మ చెవిలో స్కోపు పెట్టి చూసి, కర్ణభేరి ఎలా కదులుతోందో చూసే ఇంపీడెన్స్ టెస్టు చేయించింది, కాగితం మీద కొండలా రావాల్సిన గీత రెండు చెవులకీ బల్లపరుపుగా వచ్చింది. కర్ణభేరి వెనక నీరు, గ్లూ ఇయర్ అంటారు. పిల్లల్లో ముక్కు వెనక నుంచి చెవికి పోయే గొట్టం పొట్టిగా, పెద్దవాళ్ళకి ఉన్నంత ఏటవాలుగా కాకుండా ఉంటుంది, వీడికి ముక్కు వెనక ఎడినాయిడ్స్, టాన్సిల్స్ లాంటి కండ, కూడా పెరిగి దాన్ని మూసేశాయి, గాలి ఆడక నీరు చేరి అదే జిగురైపోయింది. నొప్పి ఉండదు, చీము కారదు, అందుకే ఎవరికీ తెలీదు. నూనె సంగతి చెప్తే డాక్టరమ్మ అమ్మమ్మకి బొమ్మ గీసి చూపించింది, ఇదిగో ఇది తలుపు, నీరు తలుపుకి ఇవతల ఉంది, నువ్వు నూనె అవతల పోస్తున్నావు, తలుపుకి చిల్లుంటే మాత్రం ఆ నూనె లోపలికి పోయి ఇంకా పాడుచేస్తుంది అని. అమ్మమ్మ ఆ బొమ్మ కాగితం అడిగి తీసుకుంది.

వెంటనే ఆపరేషన్ అనలేదు, చాలామందికి మూడు నెలల్లో దానంతట అదే తగ్గుతుంది, ఆగి చూద్దాం అన్నారు. ఆ మూడు నెలలూ మరి? 35 డెసిబెల్స్ దగ్గర గానీ వాడికి వినపడటం మొదలవ్వదు. మీటరు దూరంలో మామూలు మాటే 60 దాకా ఉంటుంది, దూరం పెరిగేకొద్దీ తగ్గిపోతుంది, పైన క్లాసు గోల. ఈ లెక్కలు నాకు బుర్రకెక్కలేదు కానీ ఒకరోజు మా కొలీగ్ పాఠం చెప్తుంటే చివరి బెంచీలో కూర్చుని రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నా. ఆవిడ గొంతు వస్తోంది, మాట రావట్లేదు. పది నిమిషాలకే తలనొప్పి వచ్చింది, ఇంక చాల్లే అనిపించి కిటికీ బయటికి చూడ్డం మొదలుపెట్టా. వాడూ అంతే చేసేవాడు, దాన్నే నేను పరధ్యానం అన్నా.

మర్నాటి నుంచి వాణ్ణి ముందు బెంచీలోకి మార్చా, బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మానేశా, పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకోవడం మానేశా, ఏదైనా చెప్పేముందు వాడి పేరు పిలిచి ఇటు చూశాక చెప్పా. పైసా ఖర్చు లేదు. డిక్టేషన్లో తోడి మళ్ళీ కోడి అవ్వడానికి రెండు వారాలు పట్టలేదు.

ఫిబ్రవరిలో చూస్తే నీరు అలాగే ఉంది. మార్చి 3న, అంటే 3-3న, ప్రపంచ వినికిడి దినం, ఆ రెండు మూళ్ళూ రెండు చెవుల్లా ఉంటాయని ఆ తేదీ పెట్టారట, అసెంబ్లీలో పిల్లలకి చెవుల గురించి చెప్తూ ఈ మాట చెప్తే అందరూ గాల్లో మూళ్ళు రాసుకున్నారు. ఏప్రిల్లో సెలవులివ్వగానే వాడికి ఆపరేషన్ అయింది, ఎడినాయిడ్స్ తీసి, కర్ణభేరికి చిన్న గాటు పెట్టి ఆ జిగురు లాగేసి గ్రోమెట్లు, అంటే లోపలికి గాలి ఆడే చిన్న గొట్టాలు, పెట్టారు, బియ్యపు గింజ కంటే చిన్నవి, కొన్ని నెలలకి వాటంతటవే ఊడిపోతాయట. ఎండాకాలం కాలవలు కట్టేస్తారు కాబట్టి దూకుతాడేమోనన్న భయం కూడా లేకపోయింది. ఇంటికొచ్చిన రెండోరోజు చూడ్డానికి వెళ్ళా. అమ్మమ్మ వాకిట్లోంచి అలవాటుగా గట్టిగా పిలిచింది, వాడు చెవులు మూసుకుని, "అమ్మమ్మా, ఎందుకలా అరుస్తావ్?" అన్నాడు. ఆవిడ చేతిలో చీపురు అక్కడే వదిలేసి మెట్టు మీద కూలబడిపోయింది.

మిగతా నలుగురి సంగతి. గులిమి ఉన్న ఇద్దరికీ ఆస్పత్రిలో చుక్కలు వేసి తీసేశారు, పిన్నీసులు, అగ్గిపుల్లలు పెట్టకండర్రా అని రోజూ చెప్తున్నా. చీము కారేవాడిది ఇంకా సాగుతోంది, చిల్లు పెద్దది, ఎండేదాకా చెవిలో చుక్క నీళ్ళు పడకూడదు, వాడేమో కాలవ గట్టు పిల్లాడు. చెవి కారుతుంటే మామూలేలే, పెద్దయ్యాక పోతుందిలే అనకండి, వాసన వస్తున్నా, చెవి వెనక వాచినా, కళ్ళు తిరుగుతున్నా, మూతి పక్కకి లాగినా ఆరోజే ఆస్పత్రికి తీసుకెళ్ళండి, అది లోపలికి పాకుతోందని అర్థం.

ఐదో తరగతి పిల్ల గురించి రాయాలంటేనే కష్టంగా ఉంది. రెండేళ్ళ కింద గవదబిళ్ళలు వచ్చాయట, ఒక చెవి ఆ జ్వరంతోనే పోయింది, ఇంక రాదు. ప్రభుత్వం వేసే ఎంఆర్ టీకాలో తట్టు, రుబెల్లా ఉన్నాయి, గవదబిళ్ళలకి లేదు, దానికి కూడా పనిచేసే ఎంఎంఆర్ టీకా డబ్బు పెట్టి వేయించుకోవాలి, ఇది చాలామంది తల్లిదండ్రులకి తెలీదు. ఒక చెవి బాగుంది కాబట్టి అందరిలానే ఉంటుంది, కానీ బండి హారన్ ఎటు నుంచి వస్తోందో తెలీదు, గోలలో మాట అందదు. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఎవరికీ చెప్పకండి టీచర్ గారూ, ఆడపిల్ల, రేపు సంబంధాలకి ఇబ్బంది" అంది. చెప్పలేదు. పిల్లని మాత్రం ఎడమ పక్క గోడవైపు కూర్చోబెట్టా, మంచి చెవి నా వైపు, క్లాసు వైపు ఉండేలా, రోడ్డు దాటేటప్పుడు రెండువైపులా తల తిప్పి చూడమని నేర్పించా. హైస్కూలుకి వెళ్ళిపోయింది, అక్కడి క్లాసు టీచర్‌కి వాళ్ళమ్మని ఒప్పించి నేనే వెళ్ళి చెప్పొచ్చా.

ఇవాళ చెల్లి మళ్ళీ వచ్చింది, ఈ ఏడు ఒకటో తరగతిలో కొత్తగా చేరినవాళ్ళకి, పోయినేడాది రానివాళ్ళకి. అదే స్టోర్ రూమ్, అవే బస్తాలు, చింతపిక్కల డబ్బా నా బీరువాలోనే దాచా. చిన్నపిల్లలు హెడ్‌ఫోను చూసి భయపడుతుంటే బుజ్జిగాడు, ఇప్పుడు నాలుగో తరగతి, వచ్చి నేను చూపిస్తా టీచర్ అని కూర్చున్నాడు. పిక్క పట్టుకుని, కళ్ళు మూసుకుని, టంగు, టంగు, టంగు. "బాగా చిన్నగా వస్తాది, చీమ నడిచినట్టు, అప్పుడు కూడా ఎయ్యాలి" అని చెప్తున్నాడు వాళ్ళకి.

నలుగురి పేర్లు మిగిలాయి. రెండు వారాలాగి మళ్ళీ చెయ్యాలి, ఒక పాపకి మాత్రం చెవి కారుతోంది, ఆగే పని లేదు. ఈసారి స్లిప్పు పిల్ల చేతికివ్వలేదు, నా బ్యాగులో ఉంది. రేపు పొద్దున్న ఏడింటి బస్సుకి వాళ్ళ నాయనమ్మని రమ్మన్నా.